మా రంగం మామ్మ పోలండులో కనిపించింది

కార్తీకం వస్తే మా పద్మనాభంలో ఏ ఇంటి అరుగు మీద చూసినా పత్తే. అమావాస్యనాడు కొండ మీది అనంత పద్మనాభస్వామి మెట్లకి దీపాలు పెడతారు కదా, పన్నెండు వందల పైచిలుకు మెట్లు మరి! మెట్టుకి ఎన్ని ప్రమిదలు, ప్రమిదకి ఎన్ని వత్తులు అని లెక్కలు వేసేవాళ్ళు వేస్తారు. నేను మాత్రం ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని చేతికొచ్చినన్ని చేసేస్తాను. కిందటి కార్తీకంలో ఆ పనిలో ఉంటే మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక నవల చదివి వినిపించింది. చదవడం అంటే, కళ్ళతో ఇంగ్లీషు చదివి నోటితో తెలుగు చెప్పడం. పది పన్నెండు రాత్రులు పట్టింది. ఆ నవల గురించి రాద్దామని కూర్చున్నాను గానీ మధ్యలో మా ఇంటి సంగతులు దొర్లుతాయి. ఏమీ అనుకోకండి.

నవల పేరు 'ది లాస్ట్ ష్టెటల్'. రాసినాయన మాక్స్ గ్రాస్ అనే అమెరికా రచయిత. 2020లో వచ్చింది. ష్టెటల్ అంటే తూర్పు యూరప్‌లో ఒకప్పుడు యూదులు ఎక్కువగా ఉండిన చిన్న ఊరు. ఒక సంత, ఒక ప్రార్థనామందిరం, నాలుగు కొట్లు, ఊరంతటికీ ఒకరి గుట్టు ఒకరికి తెలియడం... అదీ ష్టెటల్. పద్మనాభం అనుకోండి, కొండ లేకుండా.

ఇందులో ఊరి పేరు క్రెస్కోల్. కల్పించిన ఊరే. పోలండులో అడవి మధ్య ఎక్కడో ఉంటుంది. ఆ ఊరిని లోకం మర్చిపోయింది. రెండో ప్రపంచయుద్ధం వచ్చింది, వెళ్ళింది, ఆ ఊరికి తెలీదు. హిట్లర్ మనుషులకి ఆ ఊరు కనపడలేదు. తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికీ కనపడలేదు. కరెంటు లేదు, కారంటే తెలీదు, ఇంట్లో కుళాయి లేదు. మనం సెల్‌ఫోన్లు పట్టుకుని తిరుగుతున్న ఈ కాలంలోనే వాళ్ళు గుర్రబ్బండ్లతో, నూతినీళ్ళతో కాపురాలు చేసుకుంటున్నారు.

మరి ఊరు ఎలా బయటపడింది? మొగుడూ పెళ్ళాల గొడవ వల్ల! పెషా అని ఒక పిల్ల. మొగుడితో పడలేదు. విడాకులదాకా వెళ్ళింది, అది కూడా ఊరంతా నోళ్ళు నొక్కుకునేలాగ. ఒకరోజు ఆ పిల్ల కనపడకుండా పోయింది. మర్నాడు అతనూ కనపడలేదు. ఏం అఘాయిత్యం చేశాడోనని పెద్దలు హడలిపోయి, పోలండు ప్రభుత్వానికి కబురు చెప్పడానికి ఒకణ్ణి అడవి దాటించారు. ఎవరిని? యాంకెల్ అని, రొట్టెల బట్టీలో పనిచేసే కుర్రాణ్ణి. వాడి పుట్టుక గురించి ఊళ్ళో చిన్నచూపు. పోతే పోయాడు, ఏడ్చేవాళ్ళు లేరు అని వాణ్ణి పంపించారు. పెద్దల తెలివి ఎక్కడైనా ఒకటే సుమండీ!

వాడు వెళ్ళి 'మాది ఫలానా ఊరు' అంటే అక్కడెవరికి తెలుసు? పిచ్చాసుపత్రిలో పెట్టారు. డాక్టర్లు ఎంతో మర్యాదగా, ఎంతో ఓపిగ్గా వాడికి మతి లేదని తేల్చారు. ఆ భాగం చెబుతున్నప్పుడు మా అమ్మాయి పడీపడీ నవ్వింది, నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూనే ఎక్కడో చివుక్కుమంది. యుద్ధానికి ముందు పోలండులో ముప్ఫై లక్షలకు పైగా యూదులుండేవారట. అందులో పదిమందికి తొమ్మిదిమందిని చంపేశారు. యూరప్ మొత్తం మీద అరవై లక్షలు. ఈ కుర్రాడికి ఆ సంగతే తెలీదు. తన ఊళ్ళాంటి ఊళ్ళు లోకంలో ఇంక లేవని తెలీకుండా అమాయకంగా అడ్రసు చెబుతున్నాడు. ఇది నవ్వాల్సిన చోటా ఏడవాల్సిన చోటా? వాళ్ళ సాహిత్యమే అంత అంటుంది మా అమ్మాయి. ఏడుపు పట్టలేక హాస్యం ఆడడం.

వాళ్ళ జానపద కథలు వింటుంటే నాకు మనవే గుర్తొచ్చాయి. మన పరమానందయ్య శిష్యుల్లాంటి వాళ్ళు వాళ్ళకి ఒక ఊరు ఊరంతా ఉన్నారు. పోలండులో హెల్మ్ అని నిజంగానే ఉన్న పట్నం. కథల్లో మాత్రం అందరూ తెలివితక్కువ వాళ్ళే, పైగా తామే మహాజ్ఞానులమనుకుంటారు. ఒకసారి నీళ్ళ పీపాలో చందమామ కనిపించిందట. గబుక్కున మూత పెట్టి బిగించేశారు, అమావాస్యనాడు అమ్ముకుందామని! ఇంకో కథ గోలెం అని మట్టిమనిషిది. ప్రాగ్ నగరంలో ఒక గురువుగారు మట్టితో మనిషిని చేసి, నుదుటి మీద మంత్రాక్షరాలు రాసి, ప్రాణం పోశాడట. ఒక అక్షరం చెరిపేస్తే 'సత్యం' అన్నమాట కాస్తా 'చచ్చాడు' అయిపోయి మళ్ళీ మట్టయిపోతాడు. మన పార్వతమ్మ నలుగుపిండితో పిల్లవాణ్ణి చేసుకోలేదూ? కాకపోతే మనం పిండివంటలు పెట్టి పూజిస్తాం, వాళ్ళు అటక మీద దాచిపెట్టారు. దిబ్బుక్ అని చచ్చినవాళ్ళ ఆత్మ వచ్చి బతికున్నవాళ్ళని పట్టుకోవడం కూడా ఉంది. అన్‌స్కీ అనే ఆయన దాన్నే నాటకంగా రాశాడు. పాపం, 1920 నవంబర్లో ఆయన పోయాడు, ముప్ఫై రోజులకి డిసెంబర్లో వార్సాలో నాటకం ఆడారు. లోకమంతా పేరొచ్చింది.

యూదులంటే ఎవరో పరాయివాళ్ళనుకోకండి. 'శ్రీ 420' (1955) సినిమాలో పొడుగాటి సిగరెట్టు గొట్టం పట్టుకున్న నాదిరా గుర్తుందా? ఆవిడ యూదుల ఆడపడుచే. అంతెందుకు, తెలుగు మాట్లాడే యూదులే ఉన్నారు! గుంటూరు దగ్గర చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెం అని పల్లె. అక్కడ కొన్ని పదుల కుటుంబాలు తమని 'బెనె ఎఫ్రాయిమ్' అని, అంటే ఎఫ్రాయిము సంతతి అని చెప్పుకుంటారు. ముందు చర్చికి వెళ్ళినవాళ్ళే. పెద్దవాళ్ళు చెబుతూ వచ్చిన మాట పట్టుకుని 1980ల చివర్లో మేము యూదులమని బయటికి చెప్పారు. 1990ల మొదట్లో చిన్న ప్రార్థనామందిరం కట్టుకున్నారు. యూలియా ఎగోరోవా, షాహిద్ పర్వేజ్ అనే ఇద్దరు వీళ్ళ మీద 2013లో ఇంగ్లీషులో పుస్తకం రాశారు. మాదిగ కులంలో పుట్టి, మాకూ ఒక పాత చరిత్ర ఉందంటే లోకం ఊరుకుంటుందా? 'కాగితం చూపించు' అంది. ఇశ్రాయేలు నుంచీ అడిగారు, ఇక్కడా అడిగారు. క్రెస్కోల్ కుర్రాడి గతే. నువ్వు ఎవరో నువ్వు చెబితే చాలదు, ఇంకొకరు ఒప్పుకోవాలి.

వాళ్ళ వంటిళ్ళ సంగతి మన పేజీకి తగ్గది కాబట్టి ఒక్కమాట చెప్పేస్తాను. శుక్రవారం పొద్దుగూకే ముందు ఇంటి ఇల్లాలు దీపం వెలిగిస్తుంది. అక్కణ్ణుంచి శనివారం చీకటిపడేదాకా పొయ్యి రాజెయ్యకూడదు. అందుకని శుక్రవారమే మాంసం, బార్లీ, చిక్కుళ్ళు దాకలో వేసి సన్నసెగ మీద వదిలేస్తారు, మర్నాటి మధ్యాహ్నానికి అది దానంతటదే ఉడికి ఉంటుంది. చోలెంట్ అంటారు. పాలకీ మాంసానికీ గిన్నెలే వేరు, కడిగే చోటు వేరు. మా అత్తగారు చేపల దాకని పాలగిన్నె దరిదాపులకి రానిచ్చేవారు కాదు. ఆవిణ్ణి క్రెస్కోల్లో వదిలితే మర్నాటికల్లా ఊరి పెద్దయి ఉండేవారు.

ఇప్పుడు రంగం మామ్మ దగ్గరికి వస్తాను.

మా నాన్నకి మేనత్త. మా చిన్నప్పుడు ఉమ్మడి ఇంట్లో పెరటివైపు గది ఆవిడది. అసలు పేరు ఎవరూ పిలవగా నేను వినలేదు. మొగుడు రంగం వెళ్ళాడు కనుక రంగం మామ్మ. రంగం అంటే రంగూన్. ఇప్పటి పిల్లలకి తెలీదు గానీ, మా ప్రాంతంలో ఒకప్పుడు ఇంటికొకడు రంగం వెళ్ళినవాడే. భీమిలి, విశాఖపట్నం, కాకినాడ... ఎక్కడ ఓడ దొరికితే అక్కడెక్కి వెళ్ళేవారు. రేవులో మూటలు మొయ్యడానికి, బియ్యం మిల్లుల్లో పనికి. అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనేవారు, మన కోరంగి రేవు పేరు మీద. 1930 మే నెలలో అక్కడ రేవుపని దగ్గరే పెద్ద గొడవలై ఎంతోమంది తెలుగు కూలీలు చచ్చిపోయారు. అయినా వెళ్ళడం మానలేదు. ఇక్కడ తిండి లేదు కదా.

మామ్మకి 1936లో పెళ్ళి. పన్నెండేళ్ళు. శారదా చట్టం అమల్లోకి వచ్చి ఆరేళ్ళయినా మా వైపు దాని ముఖం ఎవరూ చూళ్ళేదు. కాపరానికి వెళ్ళిన ఏడాదిలోపే, 1939లో, ఆయన ఓడెక్కాడు. రెండు ఉత్తరాలు, మూడు మనియార్డర్లు. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద జపాన్ వాళ్ళు బాంబులేశారు. వేలమంది కాలినడకన అడవులు పట్టుకుని వచ్చారు. దారిలో కలరాతో పోయినవాళ్ళు, ఆకలితో పోయినవాళ్ళు లెక్కలేదు. మరుసటి ఏప్రిల్ 6న విశాఖపట్నం మీదే బాంబులు పడ్డాయి. మా ఊరి నుంచి వెళ్ళిన నలుగురిలో ఇద్దరు వచ్చారు. మామ్మ మొగుడు రాలేదు. చచ్చాడని చెప్పిన మనిషీ లేడు, బతికున్నాడన్న మనిషీ లేడు. ఒకతను మాత్రం అక్కడ బర్మా పిల్లని చేసుకున్నాడేమో అని అనుమానంగా అన్నాడట. ఆ 'ఏమో' మామ్మ మెళ్ళో పడింది.

మామ్మకి అప్పుడు పద్దెనిమిదేళ్ళు.

సమస్య ఏమిటో మీకు అర్థమైందా? ఆవిడ ముత్తైదువా, కాదా? నుదుట బొట్టుంది, మెళ్ళో నల్లపూసలున్నాయి. కానీ శ్రావణశుక్రవారం తాంబూలం ఇవ్వాలా వద్దా? ఇస్తే, తీరా ఆయన ఎప్పుడో పోయి ఉంటే అశుభం. ఇవ్వకపోతే, ఆయన ఎక్కడో బతికుంటే ఆయనకి కీడు. అందుకని ఊరివాళ్ళు మధ్యేమార్గం కనిపెట్టారు. పిలిచేవారు కాదు, వస్తే పొమ్మనేవారు కాదు. పసుపు ఇచ్చేవారు, కుంకుమ భరిణె ఆవిడ ముందు పెట్టి తల అటు తిప్పుకునేవారు. పెట్టుకుంటే ఆవిడ పెట్టుకున్నట్టు, మేం పెట్టనట్టు!

పన్నెండేళ్ళు చూశాక, 1954లో, పెద్దలు ఇంకో ఉపాయం తెచ్చారు. దర్భలతో మనిషి బొమ్మ చేసి దహనం చేసి కర్మ చేసేస్తే ఒక దారి తేలిపోతుంది కదా అని. మా అమ్మ చెప్పేది, మామ్మ నట్టింట్లో నిలబడి అందట, "గడ్డిబొమ్మకి నిప్పెడితే మీకు పున్నెం. రేపు ఆ మనిషి ఒచ్చీసేడనుకో, ఏటి సెప్తారు? నిన్ను కాల్చీసేం, ఎల్లిపో అంటారేటి?" అని. ఎవరూ మాట్లాడలేదు. బొమ్మ చెయ్యలేదు. అలాగని ఆవిణ్ణి ముత్తైదువనీ ఒప్పుకోలేదు.

నా పెళ్ళి 1983లో. పసుపు కొట్టే రోజున మామ్మ వచ్చి రోలు దగ్గర నిలబడింది. నన్ను పెంచిన చెయ్యి కదా. పెళ్ళివాళ్ళు గుసగుసలు. పంతులుగారిని అడిగారు. ఆయన చాలాసేపు ఆలోచించి, రోకలి ముట్టుకోవచ్చు గానీ దంచకూడదని తీర్పు చెప్పారు. (నవ్వకండి, నిజంగానే అన్నారు.) మామ్మ రోకలి పట్టుకుని అందరి వంకా చూసి, "సరే, నేను దంచినట్టు నటిస్తాను, మీరు సూసినట్టు నటించండి" అంది. నాకు నవ్వాగలేదు. పెళ్ళికూతుర్ని, పళ్ళు బయట పెట్టకూడదని మా అమ్మ గిల్లింది. మామ్మ 1986లో పోయింది. బొట్టుతో పంపాలా, చెరిపి పంపాలా అని అప్పుడు కూడా వీధిలో ఒక గంట వాదన జరిగింది. శవం ఓపిగ్గా ఎదురుచూసింది.

ఇదంతా మా అమ్మాయికి చెప్పింది ఆ వత్తులు చేస్తున్న రాత్రుల్లోనే. నవలలో పెషా విడాకుల దగ్గర, "యూదుల్లో మొగుడు కాగితం ఇస్తేనే పెళ్ళానికి విడుదల, అమ్మా" అంది. ఆ కాగితాన్ని గెట్ అంటారట. అతను ఇవ్వనన్నా, ఎక్కడికో పోయినా, ఆవిడ మళ్ళీ పెళ్ళి చేసుకోడానికి వీల్లేదు. పదేళ్ళు కాదు, నలభై ఏళ్ళు కనపడకపోయినా సరే, పోయాడనడానికి ఆధారం ఉండాలి. అలాంటి ఆడదాన్ని 'ఆగునా' అంటారు. "ఆ మాటకి అర్థం ఏమిటే?" అన్నాను. ఫోనులో చూసి చెప్పింది. లంగరు వేసినది, కట్టిపడేసినది అని.

లంగరు! విశాఖపట్నం రేవు పక్కన పుట్టి పెరిగినవాళ్ళం, లంగరంటే ఏమిటో మాకు ఒకరు చెప్పాలా? ఓడ వెళ్ళిపోయింది, లంగరు మా పెరటిగదిలో ఉండిపోయింది.

ఆ రాత్రి దీని మీదే చాలాసేపు మాట్లాడుకున్నాం. వాళ్ళ గురువులు కూడా రాతిగుండె వాళ్ళేం కాదు. వందల ఏళ్ళుగా ఇలాంటి ఆడవాళ్ళకి ఏదో ఒక ఆధారం వెతికి విడుదల చెయ్యడానికి గ్రంథాలు తిరగేస్తూనే ఉన్నారు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో ఆ రెండు భవనాలు కూలినప్పుడు శరీరాలు దొరకని వాళ్ళ భార్యల కోసం అక్కడి యూదుల ధర్మపీఠం ఒక్కొక్క సాక్ష్యం పోగుచేసి తీర్పులిచ్చింది. ఇక అంతకుముందు, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, పోలండు, రష్యాల నుంచి అమెరికా వెళ్ళి పెళ్ళాం పిల్లల్ని మర్చిపోయిన మగవాళ్ళు బోలెడుమంది. వాళ్ళని వెతకడానికి న్యూయార్కులో ఒక సంఘమే 1911లో పెట్టారు. అక్కడి యిద్దిష్ భాషా పత్రిక ఒకటి, ఫోర్వర్డ్స్, ఏం చేసిందో తెలుసా? 'మాయమైన మొగుళ్ళ చిత్రమాలిక' అని శీర్షిక పెట్టి, పారిపోయినవాళ్ళ ఫొటోలు వరసగా అచ్చేసేది! పేరు, ఊరు, వదిలేసిన పిల్లలెంతమంది, అన్నీ. మామ్మకి ఈ సంగతి తెలిసుంటే ఆయన ఫొటో ఒక్కటీ లేదే అని బాధపడేది.

మన చట్టం అంత కఠినం కాదు. ఏడేళ్ళపాటు, బతికుంటే తెలియాల్సినవాళ్ళకి కూడా కబురు తెలియకపోతే, ఆ మనిషి పోయినట్టే భావించవచ్చని 1872 నాటి సాక్ష్యాల చట్టంలోనే ఉంది. 2024 జులైలో దాని బదులు వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ ఏడేళ్ళే. 1955 హిందూ వివాహ చట్టంలో అదే కారణం మీద విడాకులూ అడగొచ్చు. అంటే 1955లో, ముప్ఫై ఒక్కేళ్ళ వయసులో, మామ్మ కోర్టుకి వెళ్ళుంటే లంగరు తెగిపోయేది. చెప్పినవాళ్ళెవరు? చెప్పినా మా ఇళ్ళల్లో మారుమనువు లేదు. పంతులుగారి రోకలి చట్టమే మాకు చట్టం.

"ఏడేళ్ళు ఆగక్కర్లేని దారి కూడా ఉందమ్మా" అంది మా అమ్మాయి. "రెండేళ్ళు తగ్గకుండా వదిలేసిపోతే, అదొక్కటే చాలు." పుస్తకం మూసి పక్కన పెట్టింది. నా చేతిలో వత్తి సగంలో ఆగిపోయింది.

ఇక్కడిదాకా వచ్చాక దాచి లాభం లేదు. మా అల్లుడు కెనడా వెళ్ళి అప్పటికి మూడేళ్ళు దాటింది. మొదటి ఆరు నెలలు ఫోన్లు. తర్వాత 'బిజీ'. తర్వాత అదీ లేదు. రంగం వెళ్ళిన తాతకి బాంబుల సాకైనా ఉంది. ఇతనికి వాట్సప్‌లో నీలం టిక్కులు పడుతూనే ఉన్నాయి! చదువుతాడు, జవాబివ్వడు. వాళ్ళ అమ్మా నాన్నని అడిగితే 'మాకూ చెయ్యడం లేదమ్మా' అంటారు, వెనక గదిలోంచి వీడియోకాల్లో అతని గొంతు వినిపిస్తూనే ఉంటుంది.

మా అమ్మాయి ఏడాది క్రితమే నాతో అంది, విడాకులు పెడతానని. నేనేమన్నానో చెప్పమంటారా? "కొంచెం ఓపిక పట్టు, మనసు మారుతుంది" అన్నాను. "నలుగురూ ఏమంటారు?" అన్నాను. ఈయన ఏదో అనబోతే కళ్ళతోనే ఆపేశాను. ఊళ్ళో ఎవరడిగినా "ప్రాజెక్టు పొడిగించారట" అని చెప్పడం నేర్చుకున్నాను. మూడేళ్ళు ఒకే ప్రాజెక్టు! భోగాపురం విమానాశ్రయానికి 2023లో శంకుస్థాపన చేశాక మా చుట్టుపక్కల పొలాలన్నీ ప్లాట్లయిపోయాయి. మా అల్లుడి ప్రాజెక్టు మాత్రం కదల్లేదు. వరలక్ష్మీవ్రతానికి పిల్ల ఇంట్లో ఉంటే, పేరంటాళ్ళు వచ్చే వేళకి "నీకు ఆఫీసు మీటింగుందేమో చూసుకో" అని లోపలికి పంపించాను. నేనే పంపించాను.

పుస్తకంలో క్రెస్కోల్ పెద్దలని చూసి నవ్వినప్పుడు అది నన్ను చూసి నవ్విందా? అడగలేదు. "ఈ పుస్తకం కావాలనే చదివావా?" అని మాత్రం అడిగాను. "లేదమ్మా, నవ్వొస్తుందన్నారని కొన్నాను" అంది. నిజమో కాదో మరి. కాసేపాగి, "రంగం మామ్మ గురించి ఇంతకుముందు ఎప్పుడూ చెప్పలేదే?" అంది. నిజమే, ఎందుకు చెప్పలేదు? మా ఇంట్లో గోడ మీద తాతల ఫొటోలన్నీ ఉన్నాయి. 1794 జులై 10న మా ఊరి దగ్గర కంపెనీ సైన్యంతో జరిగిన యుద్ధంలో చిన్న విజయరామరాజు గారు ఎలా పడిపోయిందీ ఊళ్ళో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. మామ్మ అసలు పేరు నాకే తెలీదు.

ఆ మర్నాడు మా పెద్దన్నయ్యకి ఫోన్ చేసి అడిగాను. చాలాసేపు ఆలోచించి, పాత దస్తావేజు ఏదో వెతికి, సాయంత్రం చెప్పాడు. సీతారత్నం. రత్నంలాంటి పేరు, అరవై రెండేళ్ళు వాడకుండా దాచేశాం.

అమావాస్యనాడు కొండ దగ్గరికి వెళ్ళాం. కింద కుంతీమాధవస్వామి గుళ్ళో దండం పెట్టుకుని మెట్లెక్కాం. నా మోకాళ్ళు నూరో మెట్టు దగ్గరే సమ్మె చేశాయి, అక్కడే చతికిలపడి దీపాలు పెట్టడం మొదలుపెట్టాను. అమ్మాయి ఇంకా పైకి వెళ్ళింది. చీకటి పడేసరికి కొండంతా ఎవరో బంగారు జరీ అంచు కుట్టినట్టయింది. పక్క మెట్టు మీద మా ఎదురింటి వదినగారు. నూనె సీసా అందిస్తూ మామూలుగానే అడిగారు, "అల్లుడుగారు సంక్రాంతికైనా వస్తారేటి?" అని.

నోట్లో 'ప్రాజెక్టు' సిద్ధంగానే ఉంది. ఎలా వచ్చిందో తెలీదు, "రాడు వదినా" అన్నాను. "మూడేళ్ళయింది, ఫోను కూడా లేదు. విడాకులు పెడుతున్నాం."

ఆవిడ ప్రమిదలో నూనె పోయడం ఆపలేదు. "మాకు తెల్సులేవే" అన్నారు. "నువ్వెప్పుడు సెప్తావా అని సూస్తన్నాం. అందరం ఒకేసారి ఇనేసినట్టు నటించడం కష్టంగా ఉంది మరి." అని, పక్కనున్న ఇంకో ఆవిడ వంక తిరిగి, "సెప్పిందమ్మా" అన్నారు. ఆవిడ కింది మెట్టావిడకి చెప్పింది. మా అమ్మాయి దిగి వచ్చేసరికి వార్త గోస్తనీ దాటే ఉంటుంది. ఎవరూ ఏమీ అనలేదు. ఒకావిడ మాత్రం దాని చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టి, నుదుట కుంకుమ పెట్టింది. తల తిప్పుకోకుండా.

వకీలుగారు మంగళవారం రమ్మన్నారు. మంగళవారం వద్దు, బుధవారం ఇమ్మని అడగవే అన్నాను. అది నా వంక ఒక చూపు చూసింది. నేను నోరు మూసుకుని, పెళ్ళినాటి ఫొటోలు, పెళ్ళి సర్టిఫికెట్, బ్యాంకు కాగితాలు ఒక సంచిలో సర్దాను. మంగళవారమే వెళ్ళాం. బస్సు కిటికీ పక్కన కూర్చుని, మిగిలిపోయిన ఆఖరి అధ్యాయం అప్పుడు చెప్పింది. క్రెస్కోల్ ఏమైంది, పెషా దొరికిందా, ఆ ఊరు అసలు లోకం కళ్ళకి ఎలా మరుగునపడింది, అన్నీ అందులోనే ఉన్నాయి. అది మాత్రం మీకు చెప్పను. మా బస్సులో మా ముందు సీటావిడ మాత్రం పూర్తిగా వింది. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, "ఆ రొట్టెల కుర్రాడు మంచోడేనమ్మా" అని చెప్పి మరీ దిగింది.